ముడి ఎక్కడ పడింది? – రెండో తరగతిలో కథ అల్లిక నేర్పిన ఏడాది

కర్నూలు జిల్లా పడమటి అంచున, కోసిగి వైపు ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో నేను ఒకటి, రెండు తరగతులకు పాఠం చెబుతాను. రెండింటికీ గది ఒకటే, టీచరును నేనొక్కదాన్నే. ఆ జూన్‌లో హాజరు పట్టీలో 26 పేర్లు ఉన్నాయి. కర్ణాటక సరిహద్దు దగ్గర కాబట్టి కొందరి ఇళ్ళల్లో కన్నడం, వీధిలో తెలుగు, ఇద్దరు పోట్లాడుకుంటే రెండూ వినిపిస్తాయి. పొలాల్లో చాలా భాగం వానను నమ్ముకున్నవే. దీపావళి దాటగానే ఎన్నో కుటుంబాలు సుగ్గికి, అంటే పంట కోతల కూలికి వలస బయలుదేరతాయి. గుంటూరు వైపు పత్తి తీసి, ఆ తరువాత మిరపకాయలు కోసి, ఉగాదికి తిరిగి వస్తాయి. పిల్లల్ని ఊళ్ళో ఉంచడానికి సీజనల్ హాస్టళ్ళు ఉన్నా, ఆరేడేళ్ళ పిల్లను వదిలి వెళ్ళడానికి తల్లికి మనసొప్పదు. పైగా చంటిబిడ్డను చూసుకోవడానికి ఆ అక్కే కావాలి.

2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ అనే చదువు కార్యక్రమం లక్ష్యం ప్రకారం మూడో తరగతి పూర్తయ్యేలోగా పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలి. మా పిల్లల్లో కొందరు గడగడా చదివేవారు. పుస్తకం మూసి ‘ఇప్పుడు ఆ కథ నాకు చెప్పు’ అంటే మాత్రం నోరు పెగలదు. చదివిన వాక్యాల్లో రెండు మూడు అప్పజెప్పి ఆగిపోయేవారు. అక్షరాలు పట్టుబడ్డాయి, కథ పట్టుబడలేదు. ఆ ఏడాదంతా నేను కథ మీదే ఎందుకు పని చేశానో చెప్పడానికి ఇంతకంటే కారణం లేదు.

కుప్ప, వరుస, గొలుసు

ముందుగా పిల్లల దగ్గర ఏముందో చూడాలనుకున్నాను. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని ‘నాకొక కథ చెప్పు’ అని అడిగి, ఫోనులో రికార్డు చేసుకుని, రాత్రి ఇంట్లో ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను. ఒక పాప చెప్పిన కథ మొత్తం ఇది: ‘ఒక కుక్క ఉంది. చెట్టు ఉంది. మా అవ్వ వచ్చింది. బస్సు వచ్చింది. అయిపోయింది.’ ఒక పిల్లవాడు పొద్దున లేచిన దగ్గర నుంచి రాత్రి పడుకునేదాకా చెప్పాడు. ప్రతి వాక్యమూ ‘తరువాత’ అనే మొదలైంది.

1978లో ఆర్థర్ యాపిల్‌బీ అనే అమెరికన్ పరిశోధకుడు పిల్లలు చెప్పే కథలను పరిశీలించి, అవి ఎలా పెరుగుతాయో ఆరు మెట్లుగా వివరించాడు. దానికి రష్యన్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ ఆలోచనలు ఆధారం. నా నోటు పుస్తకం కోసం ఆ మెట్లను మూడుగా కుదించుకున్నాను. సంబంధం లేని మాటలు పోగు పడితే కుప్ప. ఒకదాని వెంట ఒకటి నడిస్తే వరుస. ఒకదాని వల్ల ఇంకొకటి జరిగితే గొలుసు. కుక్క, చెట్టు, అవ్వ, బస్సు ఒక కుప్ప. ‘తరువాత’ పిల్లవాడిది వరుస. మా తరగతిలో ఎక్కువమంది కుప్పకీ వరుసకీ మధ్యనే ఉన్నారు. ‘అందుకని’, ‘కానీ’, ‘ఎందుకంటే’ అనే మాటలు ఆ రికార్డింగుల్లో దాదాపు లేనే లేవు.

అయితే ఇదే పిల్లలు, ఆడుకునేటప్పుడు ఎవరైనా బంతి ఎత్తుకుపోతే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి ఎవరు, ఎక్కడ, ఎందుకు, ఏమయింది అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవారు. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

జూలైలో నేను చేసిన పని చార్టు రాసి గోడకు అంటించడం. పాత్రలు, స్థలం, సమస్య, పరిష్కారం, ముగింపు. రంగురంగుల అక్షరాలు, పక్కన బొమ్మలు. మూడు వారాలు ప్రతి కథకూ ఆ ఐదు ప్రశ్నలు వేశాను. పిల్లలు మాటలు నేర్చుకున్నారు. ‘సమస్య అంటే ఏమిటి?’ అంటే ‘సమస్య అంటే సమస్య టీచర్’ అని ముక్తకంఠంతో చెప్పేవారు. ఆగస్టులో మళ్ళీ కథ అడిగితే అదే కుక్క, అదే బస్సు. తేడా ఒక్కటే: ఒక పిల్లవాడు ‘పాత్రలు కుక్క, పిల్లి. స్థలం చెట్టు. అయిపోయింది’ అన్నాడు. కథ చెప్పకుండా దాని కొలతలు చెప్పాడు. చార్టు తీసేశాను.

మేక తాడు

చార్టుకు బదులు వేరే మార్గం చూపింది ఒక పిల్లవాడి ఆలస్యం. సోమవారం గంట కొట్టాక చాలాసేపటికి వచ్చాడు, కాళ్ళకు ముళ్ళ గీతలు. ఎందుకు ఆలస్యమైందంటే నిలబడి చెప్పాడు: ‘మేక పోయింది టీచర్. తాత తిట్టాడు. మేక దొరికింది. అన్నం తిని వచ్చాను.’

నేను సరే కూర్చో అనబోతున్నాను. ఈలోగా రెండో వరుసలోంచి ఒక పాప అడిగింది. ‘ఎందుకు పోయింది?’

‘తాడు ఊడింది.’

‘ఎందుకు ఊడింది?’

‘ముడి సరిగా పడలేదు.’

‘ముడి ఎవరు వేశారు?’

వాడు మాట్లాడలేదు. చొక్కా అంచు పట్టుకుని మెలితిప్పుతున్నాడు. గదిలో ఒక్కరూ కదల్లేదు. అంతవరకూ పలక మీద గీతలు గీసుకుంటున్న ఒకటో తరగతి పిల్లలు కూడా తల ఎత్తారు. చాలాసేపటికి ‘నేనే’ అన్నాడు.

‘తాతకు చెప్పావా?’

‘లేదు.’

నేను వెళ్ళి వాడిని దగ్గరికి తీసుకున్నాను. ‘నువ్వు చెప్పినది చాలా మంచి కథ నాన్నా’ అన్నాను. అది ఓదార్పు కోసం అన్న మాట కాదు. నాలుగు పొడి వాక్యాలు మూడు ప్రశ్నలతో కథగా మారడం నేను కళ్ళారా చూశాను. వాడి ‘నేనే’లో పాత్ర ఉంది, తప్పు ఉంది, భయం ఉంది, దాచుకున్నది బయటపడుతుందేమోనన్న ఉత్కంఠ ఉంది. నేను చార్టు మీద ఐదు ముక్కలుగా కోసి పెట్టినవన్నీ ఒక్క ముడి చుట్టూ ఉన్నాయి. ఆ ముడి దొరికితే మిగిలినవి దాని వెంట వస్తాయి. అది దొరకకపోతే ఎన్ని పాత్రల పేర్లు చెప్పించినా కథ రాదు.

ఆ మాట మన భాషలో ఎప్పటి నుంచో ఉంది. చిక్కుముడి పడిందంటాం, ముడి విప్పామంటాం. పొడుపు కథను కూడా ‘విప్పు’ అనే కదా అడుగుతాం! సమస్య, పరిష్కారం అని బల్ల గుద్దినట్టు చెప్పే బదులు పిల్లల చేతుల్లో రోజూ ఉండే మాట పెట్టాలని నాకప్పుడు తట్టింది.

మర్నాడు రెండు గజాల పలుపుతాడు తెచ్చాను. మేక కథనే మళ్ళీ చెప్పించాను, వాడు ఒప్పుకున్నాకే. తాడు తిన్నగా ఉన్నంతసేపూ అంతా మామూలుగా ఉంది: ఎవరు, ఎక్కడ. మేక తప్పిపోయిన చోట తాడుకు ముడి వేయమన్నాను. తరువాత దాన్ని విప్పమన్నాను. వాడు రెండు కొసలూ పట్టుకుని గట్టిగా లాగాడు. ముడి బిగుసుకుంది. పళ్ళతో పట్టి లాగాడు, ఇంకా బిగుసుకుంది. ముందు వరుస పాప ‘లాగకూడదు, తోయాలి’ అంటూ తాడు తీసుకుని, ముడిని లోపలికి నెట్టి వదులు చేసి విప్పింది.

‘వాడు లాగినప్పుడు ఏమయింది?’ అని అడిగాను.

‘ఇంకా బిగిసింది.’

‘మేక పోయినప్పుడు ఇలాగే ఏదైనా చేశావా?’

వాడికి వెంటనే తట్టింది. మేక ఉల్లిచేలో కనబడితే రాయి విసిరాడట. అది బెదిరి ముళ్ళకంప దాటి పారిపోయిందట. అంటే తప్పిన ప్రయత్నం. మొదటిసారి చెప్పినప్పుడు ఇది అసలు లేదు. తాడు బిగియడం చూశాకే గుర్తొచ్చింది. ప్రయత్నం ఒక్కటే ఉండనక్కరలేదని, తప్పిన ప్రయత్నమే కథకు బలమని నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని సంగతి వాళ్ళ వేళ్ళకు తెలిసింది.

అప్పటి నుంచి మా మాటలు మారాయి. ఎవరు, ఎక్కడ, ముడి, ప్రయత్నం, విడుపు. మార్చి నెలలో, పిల్లలకు విషయం పట్టుబడ్డాక, పుస్తకంలోని పేర్లు చెప్పాను. ‘ముడిని పెద్దపుస్తకాల్లో సమస్య అంటారు’ అంటే ఒక్క రోజులో నేర్చుకున్నారు.

చేప ఎందుకు ఎండలేదు?

సెప్టెంబరు అంతా ఏడు చేపల కథతో గడిచింది. ఇది తెలియని తెలుగిల్లు ఉండదు కాబట్టి వివరించను. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండలేదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమేటు అడ్డం వచ్చింది. ఎందుకు అడ్డం వచ్చిందంటే ఆవు మేయలేదు. అలా పాలేరు, అవ్వ, పాప, చివరికి చీమ. ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’

‘తరువాత’ నుంచి ‘ఎందుకంటే’కి రావడానికి ఇంతకంటే మంచి కథ నాకు దొరకలేదు. ప్రతి ‘ఎందుకు’కూ తాడు మీద ఒక ముడి వేశాం. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా నిలబడి ముడి పట్టుకున్నారు. చీమ దగ్గర నేను ‘కథ కంచికి, మనం ఇంటికి’ అనబోతుంటే, చేపగా నిలబడిన పిల్లవాడు అడిగాడు. ‘మరి నేను ఎండానా టీచర్?’

నేను ఈ కథ విన్నది నా ఐదో ఏట. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నాకు రాలేదు. నిజమే, చీమ జవాబుతో కథ ఆగిపోతుంది. చేప ఇంకా తడిగానే ఉంది. తాడు నిండా ముడులే ఉన్నాయి, ఒక్కటీ విప్పలేదు. ఎవరు విప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అన్న చర్చ ఆ రోజు అన్నం గంట దాకా సాగింది. గడ్డిమేటును పక్కకు తోసేస్తే చాలని కొందరన్నారు. ‘అప్పుడు ఆవు ఆకలితోనే ఉంటుంది కదా’ అని ఒక పాప ఒప్పుకోలేదు. చివరికి చీమ దగ్గర నుంచి వెనక్కి రావాలని తేల్చారు. పాప చీమకు సారీ చెప్పి పుట్ట సర్దింది. ఏడుపు ఆపింది. అవ్వ బువ్వ పెట్టింది. పాలేరు ఆవును తోలుకెళ్ళాడు. ఆవు గడ్డి మేసింది. ఎండ పడింది. ఒక్కొక్కరే తమ ముడి విప్పుకుంటూ వచ్చారు. చివరి ముడి విప్పి చేప పిల్లవాడు తాడును రెండు చేతులతో తిన్నగా చాచి పట్టుకున్నాడు. ఒకటో తరగతి పిల్లలు చప్పట్లు కొట్టారు.

చివర పడిన ముడిని ముందు విప్పాలన్నది నేను నేర్పలేదు. ఇళ్ళల్లో గడ్డిమోపులు కట్టి విప్పే పిల్లలకు ఆ సంగతి తెలుసు. ఈ కథను ఏ తరగతిలో వాడినా చీమతో ఆపవద్దని తోటి టీచర్లకు నా విన్నపం. ఆ తరువాతి అరగంటలోనే అసలు పాఠం ఉంది.

వినేవారి సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్ళల్లో కథ వింటూ ఊఁ కొట్టడం ఉంది. అవ్వ కథ చెబుతూ మనం ఊఁ అనకపోతే ‘నిద్రపోయావా?’ అని అడిగేది. తరగతిలో ఆ పద్ధతి పెట్టాను. ఒకరు చెబితే మిగతావాళ్ళు ఊఁ కొట్టాలి, సంగతి అర్థం కాని చోట ఆపేయాలి. పిల్లలు నిజాయితీగా ఆపేవారు. ఎక్కడ ఊఁ ఆగిందో అక్కడ చెప్పేవాడు వెనక్కి వెళ్ళి సరిచేసుకునేవాడు. నేను ఎర్ర సిరాతో దిద్దితే ముడుచుకుపోయే పిల్లలు ఊఁ ఆగితే మాత్రం ఉత్సాహంగా మళ్ళీ చెప్పేవారు.

ఉగాది తరువాత

రెండు అంశాలు మాత్రం చాలాకాలం మొండికేశాయి. ఒకటి ‘ఎక్కడ’. రెండోది మనసు.

కథ విని తిరిగి చెప్పేటప్పుడు చిన్నపిల్లలు పాత్ర మనసులో ఏమనుకుందో తరచూ వదిలేస్తారని 1979లో స్టెయిన్, గ్లెన్ అనే పరిశోధకులు చూపించారు. మా పిల్లలూ అంతే. మేక పోయింది అంటారు, భయమేసింది అనరు. ‘నీకెలా అనిపించింది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే ఒకే జవాబు. ‘ఎక్కడ’ సంగతి ఇంకో రకం. ఊరంతా వాళ్ళకు తెలుసు, వినేవాళ్ళకూ తెలుసు. తెలిసినవాళ్ళకు చోటు వర్ణించి చెప్పడం వాళ్ళకు అనవసరంగా తోచింది. అది వాళ్ళ లోపమని నేను అనుకోను.

దీపావళి తరువాత గది పలచబడింది. వెళ్ళినవాళ్ళలో రెండో తరగతి పాప ఒకతె ఉంది. వెళ్ళేముందు కథల్లో ఒక్కసారీ నోరు విప్పలేదు. రికార్డింగులో ఆమె వాటా ఫ్యాను చప్పుడే. ఉగాది దాటిన వారంలో తిరిగి వచ్చింది. రంగు తగ్గింది, వేళ్ళ చివర చర్మం పొరలు లేచింది. నేను ఏమీ అడగలేదు. నాలుగో రోజు కథల వేళ తనే వచ్చి తాడు తీసుకుంది.

‘అక్కడ ఇళ్ళు ఉండవు. పట్టలతో గుడారాలు వేసుకుంటాం. ఎటు చూసినా మిరపచేలే. చెట్టు ఒక్కటే ఉంది.’ ఇలా మొదలుపెట్టింది. మేమెవరమూ ఆ చేలు చూడలేదని ఆమెకు తెలుసు, అందుకే చోటు ముందు చెప్పింది. నేను ఆరు నెలలు నేర్పలేకపోయిన ‘ఎక్కడ’ మూడు వాక్యాల్లో వచ్చింది.

చెట్టుకు చీర కట్టి తమ్ముడిని ఉయ్యాలలో వేసిందట అమ్మ. వాడిని చూసుకుంటూ ఆమె కూడా కాయలు కోసిందట. వాడు లేచి ఏడ్చాడు. అక్కడ ఒక ముడి వేసింది. ‘కళ్ళు తుడుద్దామని పోయాను. నా చెయ్యి కారం.’ అక్కడ రెండో ముడి వేసింది. గదిలో ఊఁ ఆగిపోయింది, అర్థం కాక కాదు.

‘నాకు భయమేసింది. ముట్టుకుంటే వాడి కళ్ళు మండుతాయి. గౌనుకూ కారమే. నీళ్ళు దూరం. అమ్మ చాలు చివర ఉంది.’ కాసేపు తాడు చూసుకుంటూ ఊరుకుంది. ‘నా బుగ్గతో తుడిచాను.’

చెబుతూ తల కొద్దిగా పక్కకు వంచి చూపించింది. తరువాత రెండు ముడులూ విప్పి తాడు నా చేతికిచ్చి వెళ్ళి కూర్చుంది.

ఆ సాయంత్రం ఈ కథను ఉన్నది ఉన్నట్టు రాసుకుని, పక్కన గడులు నింపాను. ఎవరు, ఎక్కడ, ముడి, దాని మీద ఇంకో ముడి, మనసు, కుదరని మూడు దారులు, విడుపు. ఒక్కటీ ఖాళీగా మిగల్లేదు. బడికి రాని ఐదు నెలల్లో ఆ పాప ఎన్నో పాఠాలు పోగొట్టుకుంది, అక్షరాలు కూడా కొన్ని మరిచిపోయింది. ఆ నష్టాన్ని ఈ కథ పూడ్చదు, ఆ వయసులో ఆమె మిరపచేలో ఉండవలసింది కాదు. అయినా తిరిగొచ్చిన పిల్లలను ‘వెనకబడినవాళ్ళు’ అనే వరుసలో కూర్చోబెట్టే అలవాటు నేను ఆ రోజుతో మానుకున్నాను. తరగతిలో ఎవరికీ తెలియని చోటు చూసి వచ్చినవాళ్ళు వాళ్ళే. మిగతా పిల్లలు ఆ వారమంతా వాళ్ళ చుట్టూ చేరి అడిగారు. గుడారంలో వాన పడితే ఎలా? పాములు వస్తాయా? అడిగినకొద్దీ ‘ఎక్కడ’, ‘ఎప్పుడు’ వాటంతట అవే వచ్చాయి.

ఊళ్ళో ఉన్న పిల్లలకు అదే అవసరం కల్పించాను. ‘ఈ కథను ఆదోనిలో ఉన్న మీ అత్తకు ఫోనులో చెబుతున్నావు, ఆమెకు మన బడి తెలియదు’ అంటే బావి, రావిచెట్టు, గుడి మెట్లు అన్నీ వచ్చేవి. మనసు కోసం ‘ఎలా అనిపించింది’ అని అడగడం మానేసి, ‘ముడి పడగానే నీలో నువ్వు ఏమనుకున్నావు?’ అని అడిగాను. ‘తాత చూడకూడదు అనుకున్నాను’ అన్నాడు మేక పిల్లవాడు. ‘బాగుంది’ కంటే ఎంతో మేలు.

కుదరనివి

ఏప్రిల్‌లో మళ్ళీ రికార్డు చేశాను. రెండో తరగతిలో సగానికి పైగా పిల్లల కథల్లో గొలుసు ఉంది, కనీసం ఒక ముడీ ఒక విడుపూ ఉన్నాయి. ఒకటో తరగతివారు చాలామంది వరుస దగ్గరే ఆగారు. ఆరేళ్ళకు అది చాలు, తొందరపెట్టలేదు. చెప్పడంలో వచ్చినంత మెరుగు రాయడంలో రాలేదు. నాలుగు గడుల్లో బొమ్మలు గీయించి కింద ఒక్కో వాక్యం రాయించాను, అంతకు మించి సాగలేదు. అక్షరం కూడబలుక్కునేసరికి పిల్లవాడి చేతిలోంచి కథ జారిపోతుంది. ఈ ఏడాది పిల్లలు చెబుతుంటే నేను రాసి, దాన్నే వాళ్ళచేత చదివిస్తున్నాను.

ముడి అనే మాట కూడా మొదట్లో దారి తప్పింది. ఒక పిల్లవాడు ప్రతి వాక్యానికీ ముడి వేసి తాడంతా ముడులతో నింపేశాడు. ‘ఇది జరగకపోతే కథ ఉండేదా?’ అని ఒక్కొక్క ముడినీ అడిగించి, ఉండేది అన్నవన్నీ విప్పించాను. రెండు మిగిలాయి. చాలా కథల్లో ముగింపు ‘చచ్చిపోయింది’ అయ్యేది. నేను వద్దనలేదు, ‘ముడి విప్పారా, తాడు కోశారా?’ అని మాత్రం అడిగాను. కొందరు వెనక్కి వెళ్ళి ప్రయత్నాలు చేర్చుకొచ్చారు. ఒక పాప మాత్రం ‘మా కుక్క నిజంగానే చచ్చిపోయింది టీచర్’ అంది. అక్కడ అడగడానికి నాకేమీ లేదు. ఆ కథ అలాగే ఉంచాం.

కన్నడం మాట్లాడే ఇళ్ళ పిల్లల విషయంలో నేను ఇంకా ముందే మేలుకోవలసింది. ఒకరి అవ్వను బడికి పిలిస్తే ‘ఒందానొందు కాలదల్లి’ (అనగనగా ఒక కాలంలో) అని మొదలుపెట్టి నక్క కథ చెప్పింది. మనవడు పక్కన నిలబడి తెలుగులో చెబుతూ వచ్చాడు. తెలుగు కథల్లో రెండు వాక్యాలకు మించి మాట్లాడని పిల్లవాడు ఆ రోజు కథంతా నడిపించాడు. వాడికి రానిది తెలుగు వాక్యమే కానీ కథ కాదు. నేను రెండింటికీ కలిపి తక్కువ మార్కు వేశాను, జూన్‌లో. ఆ పేజీ సరిచేశాను.

ఈ దీపావళి మర్నాడు సుగ్గికి వెళ్ళే పిల్లలు ఏడుగురు. ఒక్కొక్కరికీ మూరెడు తాడు కోసి ఇచ్చాను. అక్కడ ఏదైనా జరిగి చెప్పాలనిపిస్తే ఒక ముడి వేయమన్నాను, ఉగాదికి విప్పకుండా తెమ్మన్నాను. బుగ్గతో కన్నీళ్ళు తుడిచిన పాప ఇప్పుడు మూడో తరగతి. మళ్ళీ వెళుతోంది. తాడు కొలిచి చూసుకుని ‘ఇది చాలదు టీచర్’ అంది. రెండు మూరలు ఇచ్చాను.